అద్దంలో రోడ్డు

జూన్ 11

ఇవాళ కూడా బస్సు దిగలేకపోయాను.

మా స్టాప్ వచ్చింది. లేచాను. రాడ్ పట్టుకున్నాను. కిటికీలోంచి మూలమలుపు, టైలర్ షాపు బోర్డు, దాని పక్కనే మా షాపు ముందు కట్టిన నీలం టార్పాలిన్ కనిపించాయి. కాళ్లు మొరాయించాయి. దిగుతారా లేదా అని కండక్టర్ అరిచాడు. నాది ఇంకా ముందు అన్నాను. ఆఖరి స్టాప్ దాకా పోయి అదే బస్సులో వెనక్కి వచ్చాను. ఇంట్లో మాత్రం షాపు చూసి వచ్చాను, రిపేర్లు ఇంకా మొదలుపెట్టలేదు అని చెప్పాను. పూర్తిగా అబద్ధం కాదు. టార్పాలిన్ చూశాను కదా.

జరిగింది ఒకసారి రాసేస్తే తలలోంచి పోతుందేమో చూద్దాం.

మే నెల, మధ్యాహ్నం. మా బ్యూటీ పార్లర్‌లో రెండే కుర్చీలు. ఒకటి అక్కది, ఒకటి నాది. అక్క అంటే తోడబుట్టింది కాదు, షాపు ఓనర్. నాకు కత్తెర పట్టడం నేర్పింది ఆవిడే. నా కుర్చీలో ఎప్పుడూ మా దగ్గరికే వచ్చే స్కూల్ టీచర్ కూర్చుని ఉంది. జుట్టుకి కలర్ వేస్తున్నాను. మేం కస్టమర్ వెనక నిలబడి పని చేస్తాం కాబట్టి రోడ్డు మా వీపు వెనక ఉంటుంది. కానీ ఎదురుగా అద్దంలో రోజంతా అదే రోడ్డు నడుస్తూ ఉంటుంది, కుడి ఎడమై. ఆ రోజు అద్దంలో ఒక లారీ కనిపించింది. అద్దంలో ఉంది కదా, దూరంగా ఉందనుకున్నాను.

తర్వాత చప్పుడు. తర్వాత మా షాపుకి ముందు భాగం లేదు.

డ్రైవర్‌కి షుగర్ పడిపోయి స్టీరింగ్ మీదే స్పృహ తప్పిందట. బతికాడు. టీచర్‌కి గీత కూడా పడలేదు. అక్క కాలు కుర్చీకీ సింక్‌కీ మధ్య నలిగింది. నాకు మోచేతి మీద చిన్న గాటు. అంతే.

ఎవరూ పోలేదు. అందరూ నన్ను అదృష్టవంతురాలివి అంటున్నారు. అవును. మరి రాస్తుంటే అక్షరాలు ఇలా వంకర్లు పోతున్నాయెందుకు?

జూన్ 14

కుక్కర్ కూతకి చేతిలో గ్లాసు వదిలేశాను. స్టీల్‌ది. నయం.

జూన్ 17

అక్కని చూడటానికి హాస్పిటల్‌కి వెళ్లాను. వార్డు గుమ్మంలోకే నవ్వులు వినిపించాయి. కాలికి బయటి నుంచి ఇనుప కడ్డీలు బిగించారు. వానలో తడవకూడదు, తుప్పు పడతాను అంటోంది. పక్క మంచాల వాళ్లు పడీ పడీ నవ్వుతున్నారు. నర్సుని కూర్చోబెట్టి నీ మొహానికి షార్ట్ కట్ బాగుంటుంది అని పాఠం చెబుతోంది. నన్ను చూడగానే ఇదిగో మా పిట్ట వచ్చింది అంది. సన్నగా ఉంటాను, ఒక్కచోట నిలవను అని ఆ పేరు ఆవిడే పెట్టింది.

షాపు మళ్లీ కట్టించేద్దాం, గోడలకి ఈసారి మంచి కలర్ వేయిద్దాం అంది. నాకు కాలు ఆడదు, నీకేం కాలేదు కదే, ఇక నా కాళ్లు నువ్వే అంది. అలాగే అక్కా అన్నాను.

కారిడార్ చివర బాత్రూంకి వెళ్లి వాంతి చేసుకున్నాను.

ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందని సామెత. కాలు నలిగినావిడ నవ్వుతోంది. గాటు పడ్డ నేను గోడ పట్టుకుని నడుస్తున్నాను. ఎవరికైనా చెబితే నవ్విపోతారు.

జూన్ 22

నిద్ర పడితే లారీ. పట్టకపోతే లారీ వస్తుందేమో అని చెవులు రిక్కించుకుని ఉండటం. రెండింట్లో ఏది నయమో తేల్చుకోలేకపోతున్నాను.

కిటికీకి వీపు పెట్టి కూర్చోలేను. అందుకని అత్తయ్య కుర్చీలో నేను, నా కుర్చీలో అత్తయ్య. ఎందుకని ఆవిడ అడగలేదు. మా ఆయన మంచం తిప్పనా అని అడిగాడు. తిప్పాడు. మర్నాడు నేను అడగకుండానే బీరువా తలుపుకి ఉన్న నిలువుటద్దం మీద పాత దుప్పటి కప్పేశాడు. ఆయన ఎలక్ట్రీషియన్. ఎక్కడ షాక్ కొడుతుందో అక్కడ టేప్ చుట్టేస్తాడు. అంతకు మించి మాటలు రావు పాపం.

పాప హోంవర్క్ చేసుకుందామని కుర్చీ లాగింది. కీచుమంది. నేను అరిచిన అరుపుకి పక్కింటావిడ తలుపు కొట్టింది. పాప ఏడవలేదు. కుర్చీ రెండు చేతులతో ఎత్తి, చప్పుడు కాకుండా, గాజు బొమ్మని పెట్టినట్టు కింద పెట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో అందరూ కుర్చీలు ఎత్తి పెడుతున్నారు.

జూన్ 28

పక్కింటావిడ జుట్టు కత్తిరించమని పిలిచింది. ఇంట్లోనే కదా, రోడ్డు లేదు, చేయగలను అనుకున్నాను. వాళ్ల డ్రెస్సింగ్ టేబుల్ ముందు నిలబడ్డాను. అద్దంలో నా వెనక కిటికీ, కిటికీ అవతల ఒక సైకిల్ కదిలింది. సైకిలే.

ఆవిడ చెవి అంచు తెగింది. చిన్న చుక్క. ఫర్వాలేదు అని ఆవిడే నన్ను ఓదార్చింది. సగం పనిలో వదిలేసి వచ్చేశాను. సాయంత్రం కత్తెర, దువ్వెన ఆవిడే తెచ్చి ఇచ్చింది. మిగిలిన సగం వేరే చోట చేయించుకుంది. చాలా దారుణంగా చేశారు.

ఈ పని తప్ప నాకు ఇంకేం వచ్చు?

జూలై 4

ఇవాళ వింత జరిగింది.

వంటింట్లో అత్తయ్య, ఆయన మాట్లాడుకుంటుంటే విన్నాను. ఏమీ కాని దానికి ఇన్నాళ్లా అని ఆయన అన్నాడు. కోపంగా కాదు, విసిగిపోయి. నేను గుమ్మం ఇవతలే ఆగిపోయాను. అత్తయ్య కూడా అదే అంటుందనుకున్నాను. ఆవిడ నోరు మామూలు నోరు కాదు. నోరు మూసుకోరా, పాము కరిచినవాడికి తాడు చూసినా భయమే అంది. పాము కరవలేదు కదమ్మా అన్నాడు ఈయన. పక్కలోంచి పాక్కుంటూ పోయింది, చాలదా అంది.

తర్వాత నన్ను పిలిచి కూర్చోబెట్టింది. పెళ్లైన కొత్తలో స్టవ్ మీద నూనె భగ్గుమని అంటుకుని కర్టెన్లు కాలిపోయాయట. ఆవిడకి ఏమీ కాలేదు. అయినా ఏడాది పాటు అగ్గిపుల్ల ముట్టలేదట. ఆ ఏడాదంతా వంట మామయ్యే చేశారట. మగాడు వండుతున్నాడంటే ఎవరేం అంటారోనని గుట్టుగా ఉంచారు. మరి మళ్లీ స్టవ్ దగ్గరికి ఎలా వెళ్లారు అత్తయ్యా అని అడిగాను. మీ మామయ్య వంట తిన్నదానివైతే ఆ ప్రశ్న అడగవు అంది.

నవ్వొచ్చింది. మే నెల తర్వాత మొదటిసారి. ఆ నవ్వు ఏడుపు కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏడ్చినంతసేపూ ఆవిడ నా వీపు మీద చేయి వేసి ఉంచింది. తర్వాత, నాకు ఏడాది పోయింది అమ్మాయ్, నువ్వు పోగొట్టుకోకు, ఇప్పుడు దీనికి డాక్టర్లున్నారు కదా అంది.

జూలై 9

కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. చిన్న గది. రెండు కుర్చీలూ తలుపు వైపే తిరిగి ఉన్నాయి. ఎక్కడ కూర్చుంటారో మీరే చూసుకోండి అంది. అప్పుడే కాస్త నమ్మకం కుదిరింది. ఆవిడ జుట్టు కుడివైపు ఒక అంగుళం ఎక్కువ ఉంది. ఎవరు కత్తిరించారో గానీ చేతులు విరగ్గొట్టాలి.

నాకేం కాలేదండీ, అదే నా ప్రాబ్లం అన్నాను. అయింది, కాకపోతే ఎక్స్‌రేలో కనిపించదు అంది.

పీటీఎస్‌డీ అంది. అది సైనికులకి కదా అన్నాను. కటింగ్ చేసేవాళ్లకీ వస్తుంది అంది.

ఆవిడ చెప్పినదాన్ని నా మాటల్లో రాస్తాను. జరిగిపోయిన సంగతులని మెదడు జరిగిపోయినవిగా సర్ది పెట్టేస్తుందట. మరీ భయంకరమైంది జరిగితే ఆ సర్దడం ఒక్కోసారి కుదరదట. అది ఇంకా జరుగుతున్నట్టే ఒళ్లు ఉలిక్కిపడుతూ ఉంటుంది. అంటే క్యాలెండర్‌లో జూలై వచ్చింది గానీ నా ఒంటికి ఆ మధ్యాహ్నం ఇంకా అయిపోలేదు.

ఇది పిరికితనం కాదు, మిమ్మల్ని కాపాడబోయి ఒళ్లు కాస్త ఎక్కువ చేస్తోంది అంది. మా అత్తయ్య లాగన్నమాట అన్నాను. ఆవిడ నవ్వింది.

ఆ రోజు సంగతి మొదటి నుంచి చెప్పమంది. అద్దంలో లారీ కనిపించేదాకా చెప్పాను. ఆగిపోయాను. ఇవాళ్టికి చాలు అంది.

జూలై 16, మధ్యాహ్నం

బస్సు దిగాను!

రోడ్డుకి ఇవతలే ఉండండి, దాటొద్దు, భయం వస్తే పారిపోవద్దు, తగ్గేదాకా అక్కడే ఉండండి అని కౌన్సెలర్ హోంవర్క్ ఇచ్చింది. పాప హోంవర్క్ నయం. చెమటలు పట్టాయి. గుండె చెవుల్లో కొట్టుకుంది. ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదలాలి అని చెప్పింది. వదిలాను. కనిపించేవన్నీ పేర్లు చెప్పుకున్నాను. కరెంటు స్తంభం. ఎర్ర బకెట్. టైలర్ దగ్గర వేలాడుతున్న చొక్కా. ఒక బండి పెద్దగా బ్రేక్ వేసింది. కూలబడతాననుకున్నాను.

అప్పుడు భయం తగ్గింది. నేనేమీ చేయలేదు. పొంగు మీదున్న పాలు మంట తగ్గిస్తే దిగినట్టు, దానంతటదే దిగింది. ఇది దిగుతుందని నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. ఎలా చెబుతారు, దిగేదాకా నేనెప్పుడు నిలబడ్డాను గనక?

జూలై 24

మొత్తం మొదటికొచ్చింది. కలలో లారీ. పొద్దున లేచి పాప జడ కూడా వేయలేకపోయాను.

జూలై 25

మొదటికి రాలేదట. కౌన్సెలర్ ఫోన్‌లో చెప్పింది. చెడ్డ రోజు వేరు, మొదటి రోజు వేరు అంది. ఆవిడకేం, ఎన్నైనా చెబుతుంది.

ఆగస్టు 3

అత్తయ్య వంటింట్లో స్టూల్ వేసుకుని, మెడకి తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. రా అంది. ఎందుకు అన్నాను. నా జుట్టు కత్తిరించు, ఉన్నవే నాలుగు వెంట్రుకలు, పోతే పోయాయి అంది. మోకాళ్ల దాకా జుట్టున్న రోజులు ఆవిడ ఎన్నిసార్లు చెప్పుకుందో నాకు తెలుసు. ముడి ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

అద్దం లేదు. కిటికీకి ఎదురుగా నేను. మొదటి కత్తెర చప్పుడు వినగానే వేళ్లు బిగుసుకుపోయాయి. అత్తయ్య ఏవో పక్కింటి కబుర్లు చెబుతూనే ఉంది. సగం అయ్యాక బయట పెద్ద హారన్ మోగింది. ఆగండి అత్తయ్యా అన్నాను. కత్తెర స్టవ్ గట్టు మీద పెట్టేశాను. ఊపిరి వదలడం, మళ్లీ వదలడం. ఆవిడ తల కదపకుండా కూర్చుంది. కాసేపయ్యాక మెల్లగా, తొందరేం లేదు గానీ ఇలా సగం గుండుతో మాత్రం వదిలేయకు, నన్ను చూసి కాకులు కూడా వాలవు అంది.

పూర్తి చేశాను. మెడ దాకా, బాబ్. చక్కగా కుదిరింది. ఆయన పని నుంచి వచ్చి, ఎవరండీ మీరు, మా అమ్మ ఏది అన్నాడు. ఆవిడ ఆయన్ని గరిటె పుచ్చుకుని తరిమింది.

నా వేళ్లు అలిసిపోయాయి. మంచి అలసట. మర్చిపోయాను దాన్ని.

ఆగస్టు 20

ఇవాళ కౌన్సెలర్‌కి ఆ రోజు కథ ఆఖరిదాకా చెప్పాను. ఇది ఎన్నోసారో. ప్రతిసారీ అద్దం దగ్గరే ఆగిపోయేదాన్ని. ఇవాళ కళ్లు మూసుకుని ముందుకు పోయాను. లారీ పెద్దదైంది. గాజు పెంకులు. టీచర్ని భుజం పట్టి ఇటు లాగాను. అక్క కేక. దుమ్ము. డీజిల్ వాసన. తర్వాత ఏమైంది అని అడిగింది. తర్వాత... తర్వాత లారీ ఆగింది అన్నాను.

ఆ మాట నా నోట రావడం నా చెవులతో విన్నాను. ఆగింది. కలలో అది ఎప్పుడూ ఆగదు. వస్తూనే ఉంటుంది. నిజంలో ఆగింది. నా కుర్చీ దాకా రాకుండానే ఆగింది. తర్వాత ఎవరో మంచినీళ్లిచ్చారు. తర్వాత మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఒక కాలికి చెప్పు లేదు. ఇవన్నీ కూడా ఆ రోజు జరిగినవే. ఇన్నాళ్లూ ఎటు పోయాయి?

సెప్టెంబర్ 7

షాపు తయారవుతోంది. ఫుట్‌పాత్ అంచున బండ్లు ఎక్కకుండా లావుపాటి ఇనుప స్తంభాలు పాతారు. వైరింగ్ మా ఆయనే చేస్తున్నాడు. నేను రోజూ వెళ్తున్నాను. ఇప్పుడు లోపలికే. అద్దాలు బిగించే రోజు కాస్త కష్టమైంది. ఒకదాన్ని కొంచెం పక్కకి తిప్పించాను, రోడ్డు తక్కువ కనిపించేలా. అది పారిపోవడమా అని కౌన్సెలర్ని అడిగాను. కాదు, ఫర్నిచర్ సర్దుకోవడం అంది.

టీచర్ ఫోన్ చేసింది. కలర్ సగంలో ఆగిపోయింది, మిగతా సగం ఎప్పుడు వేస్తావు అంది.

అక్క హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చి చాలా రోజులైంది. చేతికర్రతో చకచకా నడుస్తోంది. గోడ కలర్, కర్టెన్ డిజైన్, అన్నీ ఫోన్‌లోనే చెబుతోంది. జోకులు తగ్గలేదు. కానీ ఒక్కసారీ వచ్చి చూడలేదు. సోమవారం ఫిజియోథెరపీ. బుధవారం చుట్టాలు. నిన్న వాన, ఇవాళ మబ్బు.

ఆ సాకులు నాకు బాగా తెలుసు. అన్నీ నేను వాడి పారేసినవే.

సెప్టెంబర్ 21

షాపు తెరవాల్సిన రోజు ఇవాళ. తెరవలేదు.

పక్క షాపుల వాళ్లందరూ వచ్చారు. టీచర్ వచ్చింది. అక్క కారు దిగగానే చప్పట్లు కొట్టారు. ఇంత చప్పట్లు వస్తాయని తెలిస్తే రెండో కాలు కూడా ఇచ్చేదాన్ని అంది. అందరూ నవ్వారు. స్తంభాల దాకా వచ్చింది. ఒకదాని మీద చేయి వేసింది. అంతే. ఆ చేయి తీయలేదు.

మొహం పాలిపోయింది. పై పెదవి మీద చెమట. వెనక నుంచి ఎవరో రిబ్బన్ కట్ చేయమ్మా అంటున్నారు. నాకు మాత్రమే వినపడేలా, నా వల్ల కాదే పిట్టా, డీజిల్ వాసన వస్తోంది అంది. కొత్త పెయింట్ వాసన తప్ప ఏమీ లేదు.

నాకూ పారిపోదామనిపించింది, నిజం. కానీ ఈ దారి నేను నడిచినదే కదా. వాసన రావట్లేదు అనలేదు. ధైర్యంగా ఉండు అనలేదు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. టైలర్ స్టూల్ తెప్పించి కూర్చోబెట్టాను. చెప్పులు విప్పించి నేల మీద పాదాలు పెట్టించాను. ఊపిరి వదులు అక్కా, పీల్చడం సంగతి అదే చూసుకుంటుంది అన్నాను. అందరినీ ఇంకో రోజు రమ్మని పంపేశాను. ఒకాయన గొణుక్కుంటూ పోయాడు. గొణుక్కోనీ.

అందరూ వెళ్లాక అక్క మాట్లాడింది. వచ్చిన ప్రతివాళ్లూ కాలు ఎలా ఉంది అనే అడిగారే, ఇంకేం చెప్పను, కాలు గురించే చెప్పాను అంది. ఈ మాట అంటున్నప్పుడు నవ్వలేదు. ఆవిడ నవ్వని మొహం నేను ఎప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది.

నేను కూడా కాలు గురించే అడిగాను.

సెప్టెంబర్ 24, పొద్దున

అక్క షాపు అమ్మేస్తానంటోంది. నువ్వు వేరేచోట చూసుకో, మంచి పనిమంతురాలివి, ఎవరైనా ఎగిరి గంతేసి తీసుకుంటారు అంది. వాళ్లింటి నుంచి లేచి వచ్చేశాను. నిన్న రాత్రి మళ్లీ లారీ వచ్చింది.

సెప్టెంబర్ 24, సాయంత్రం

మళ్లీ అక్క దగ్గరికి వెళ్లాను. బస్సులో ఆఖరి స్టాప్ దాకా తిరిగిన రోజుల సంగతి చెప్పాను. వాంతి సంగతి చెప్పాను. పాప కుర్చీ సంగతి చెప్పాను. అక్క నోరు తెరుచుకుని వింది. ఇదంతా నాకెందుకు చెప్పలేదే అంది. కాలు విరిగినదానికి ఏమని చెప్పను అన్నాను. ఆవిడ చేతికర్రతో నా మోకాలి మీద ఒకటి కొట్టింది. బాగానే తగిలింది.

కౌన్సెలర్ నంబర్ ఇచ్చాను. నాకేమైనా పిచ్చా అంది. నాకు పట్టిందా అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, నీకు ముందు నుంచీ ఉంది అంది. కాగితం మాత్రం దిండు కింద పెట్టుకుంది.

అమ్మడం సంగతి తర్వాత చూద్దాం అంది. వస్తాను గానీ ఫుట్‌పాత్ దాకానే, ఒక్క అడుగు కూడా లోపల పెట్టను అంది. సరే అన్నాను.

సెప్టెంబర్ 30

అక్క ఫుట్‌పాత్ మీద కూర్చుంది. నేను ఇంకో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పక్కన వేశాను. కలర్ కోసం వచ్చిన టీచర్ అందులో కూర్చుంది. రంగు తర్వాత, ముందు కత్తిరించు అంది. అద్దం లేదు. రోడ్డుకి ఎదురుగా నిలబడి కట్ చేశాను. గాలికి వెంట్రుకలు లేచి బస్సుల కిందా, లారీల కిందా, టైలర్ గుమ్మంలోనూ పడ్డాయి. టైలర్ సణిగాడు.

అక్క ఊరుకుంటుందా? అతన్ని రెండు మాటలని, కర్ర టకటకలాడించుకుంటూ షాపులోకి పోయి చీపురు పట్టుకొచ్చింది.

లోపలికి వెళ్లొచ్చిన సంగతి తనకి తెలియలేదు.

నేను చెప్పలేదు.